శివారు సెక్షను బ్లాగు

నా సర్వీసులో మా కాలవకి మూడు గండ్లు పడ్డాయి. మొదటిది తుపానుకి. రెండోది ఎండ్రకాయలు గట్టు తొలిచేయడం వల్ల. ఆ రెండూ ఇసక బస్తాలేసి పూడ్చేశాం. మూడోది ఒక కాగితం వల్ల పడింది. దాన్ని దేంతో పూడ్చాలో ఇంజనీర్లకి కూడా తెలియలేదు.

నేను లస్కరుని. కాలవ తూముల తలుపులు ఎత్తడం, దించడం నా ఉద్యోగం. పేరు గంగరాజు. ఎనిమిదో తరగతి రెండుసార్లు మొదలుపెట్టాను, రెండుసార్లూ ఈతకొట్టడానికి వెళ్ళి తిరిగి రాలేదు. ఊళ్ళో సగం మందికి బాబాయిని, మిగిలిన సగం మందికి బావనో మరిదినో అవుతాను. నేను చెప్పిన మాట ఎవరూ నమ్మరు. నమ్మితే ఆ పాపం నాది కాదు.

మాది శివారు సెక్షను. మా పైన నాలుగు సెక్షన్లు తాగగా మిగిలిన నీళ్ళు మాకొస్తాయి. పెంకుటాఫీసులో ఉండేది ఇద్దరమే, నేనూ ఏఈ గారూ. ఏఈ అంటే అసిస్టెంటు ఇంజనీరు, పేరు వారిజ. పాతికేళ్ళ పిల్ల. సీమ నుంచి కొత్తగా వచ్చింది. కాలవ చూసి మొదటిరోజు "ఇన్ని నీళ్ళు పైకే కనబడతాయా!" అని గట్టు మీద కూర్చుండిపోయింది. మంచి మనిషి. పేపరు మీద లెక్క వేస్తే చుక్క తప్పు పోదు.

కాగితం కార్తీకమాసంలో వచ్చింది. పై అధికారి ఎవరో ఏదో పెద్ద ఊళ్ళో మూడురోజుల శిక్షణకి వెళ్ళొచ్చారట. అక్కడ చెప్పారట, బ్లాగు లేని కార్యాలయం కిటికీ లేని ఇల్లు లాంటిదని. దాంతో ప్రతి సెక్షనూ బ్లాగు పెట్టాలన్నారు. రోజుకొకటి రాయాలి, మూడు వందల మాటలకి తగ్గకూడదు, ఫోటో ఉండాలి, సాయంత్రం ఐదింటికల్లా పైకి ఎక్కాలి. ఒకసారి రాసిన విషయం రెండోసారి రాయకూడదు. ఏడు రోజులు తప్పితే సంజాయిషీ, ఆపైన సర్వీసు రిజిస్టర్లో ఎర్రసిరా.

"బ్లాగంటే ఏంటమ్మా?" అని అడిగాను.

"మనం రాసింది లోకమంతా చదువుతుంది బాబాయ్."

"లోకానికి మన కాలవతో ఏం పని?"

"ఏం పని లేదు. అందుకే రోజూ రాయమన్నారు," అంది ఆ పిల్ల, నవ్వకుండా.

మొదటి వారం బాగానే గడిచింది. కాలవ పుట్టుక, నీటి పొదుపు, గట్టు మీది తాడిచెట్లు, లాకు తలుపుల పొడవు వెడల్పులు. ఎనిమిదో రోజు మధ్యాహ్నం మూడింటికి చూస్తే, కాగితం ముందు పెట్టుకుని కలం కొరుకుతోంది.

"ఏం రాయాల బాబాయ్? బుర్రలో ఏమీ లేదు. నువ్వు పుట్టినప్పటినుంచీ ఈ కాలవ మీదే కదా ఉండేది. ఒక్క విషయం చెప్పు."

నన్ను అడగడమే తప్పు. నా నోరు ఊరుకోదు.

"పళ్ళాలమ్మ తూము కింద పిల్లకాలవ లేదూ, అక్కడ గేజి రాయి ఉంది కదమ్మా, నీటిమట్టం చూసే రాయి. దానిమీద తాబేళ్ళు ఎక్కుతాయి. అడుగు నీళ్ళుంటే ఒక తాబేలు, రెండడుగులుంటే రెండు. మా నాన్న హయాంలో మేము రాయి చూసేవాళ్ళమే కాదు, తాబేళ్ళని లెక్కెట్టి పుస్తకంలో రాసేసేవాళ్ళం."

"నిజమా?"

"నా మీసం మీద ఒట్టు."

పాపం, వంచిన తల ఎత్తకుండా రాసేసింది. రాయడం అయ్యాక నా మొహం కేసి చూసి, "నీకు మీసం లేదు కదా?" అంది. అప్పటికి ఐదు అవడానికి రెండు నిమిషాలుంది. ఫోటోకి ఖాళీ గేజి రాయిని తీసి, కింద 'తాబేళ్ళు దిగి వెళ్ళిన వెంటనే తీసిన చిత్రం' అని పెట్టి పంపేసింది.

మర్నాడు ఈఈ గారి దగ్గర్నుంచి ఉత్తరం. మా డివిజనుకి పెద్ద ఆయనే, పేరు విశ్వపతి. ఆయన మాట్లాడినా ఉత్తరంలాగే ఉంటుంది. 'శివారు సెక్షను వారి తాబేళ్ళ వ్యాసము మిక్కిలి స్ఫూర్తిదాయకముగా నున్నది. ఇకపై సదరు తాబేళ్ళ సంఖ్యను నెలవారీ నివేదికలో, గేజి రీడింగు ప్రక్కన, ప్రత్యేక గడిలో చూపవలెను.'

అంతే, ఇలా సరదాకి అన్న మాట గడిలోకెక్కి కూర్చుంది. ఆ నెల నుంచి నేను తాబేళ్ళ గడి నింపడం మొదలుపెట్టాను. మొదటి నెల రెండు. రెండో నెల, ఏకాదశి రోజుల్లో తక్కువగా వచ్చాయని ఒకటిన్నర రాశాను. ఎవరూ ఆక్షేపణ తెలపలేదు.

ఈలోగా మా పైనున్న నాలుగు సెక్షన్లకీ విషయాలు ఎండిపోయాయి. మా నెత్తిమీదున్న సెక్షను ఏఈ ధనకోటి గారని, చాలా చురుకైనవాడు. మేము సాయంత్రానికి రాద్దామనుకున్నది ఆయన పొద్దున్నే రాసేసేవాడు. కొంగల గురించి రాద్దామంటే రాసేశాడు. బల్లకట్టు గురించి రాద్దామంటే రాసేశాడు. చివరికి మా ఆఫీసు ముందున్న బొప్పాయిచెట్టు గురించి కూడా, ఇటుగా వెళ్తూ చూసి రాసేశాడు. నన్ను వారిజ గారు 'విషయ గస్తీ'కి పంపేది. గట్టు మీద నడుస్తూ కనబడిన విషయాలన్నీ పుస్తకంలో రాసుకు రావాలి. నా పుస్తకం ఇలా ఉండేది: 'ఉదయం ఆరు, విషయం లేదు. ఆరున్నర, గేదె. కిందటివారం రాసిన గేదే. ఏడు, ధనకోటి గారి లస్కరు ఎదురొచ్చాడు. వాడూ విషయాలకే తిరుగుతున్నాడు. ఒకరినొకరు రాసుకున్నాం.'

తగాదాలు పైకి వెళ్ళాయి. ఈఈ గారు డివిజను ఆఫీసులో మీటింగు పెట్టారు. నేను ఫైళ్ళ సంచీ మోసుకుని వెళ్ళాను కాబట్టి గోడవారన నిలబడి అంతా విన్నాను.

ఈఈ గారు కళ్ళజోడు తుడుచుకుని లేచారు. "మిత్రులారా! ఇది విషయాల కొరత కాదు. ఇది పంపిణీ లోపము. తరతరాలుగా నీటిని వంతుల వారీగా పంచిన అనుభవం మన శాఖది. ఆ అనుభవాన్ని విషయాలకు వర్తింపజేయకుండా మనల్ని ఆపుతున్నది ఏది?"

ఏదీ ఆపలేదు.

"ప్రతి సోమవారం హెడ్డు సెక్షను వద్ద నలభై విషయాలు వదులుతాము. ఒక్కొక్క సెక్షను తన వాటా ఏడు విషయాలు తీసుకొని, మిగిలినవి దిగువకు వదలవలెను."

వారిజ గారు చెయ్యెత్తింది. "అయిదు సెక్షన్లకి ముప్పై అయిదు చాలు కదా సార్?"

"అమ్మాయీ, నువ్వు కొత్త. దారిలో ఆవిరైపోయేవి, భూమిలో ఇంకిపోయేవి ఉండవా?"

అందరూ తలలూపారు. ధనకోటి గారు అందరికంటే ఎక్కువ ఊపాడు.

సోమవారం వదిలిన విషయాలు గురువారానికి మా ఆఫీసుకి చేరాయి. కాగితం నిండా కొట్టివేతలే. పైవాళ్ళు ఒకొక్కరు ఏడు తీసుకోమంటే తొమ్మిదీ పదీ తోడేశారు. మడుగులో కలువలు పోయాయి. వానకోయిల పోయింది. సూర్యోదయం హెడ్డు సెక్షను వాళ్ళు తీసుకుంటే, సూర్యాస్తమయం ధనకోటి గారు తీసేసుకున్నాడు.

"మనకి సూర్యుడు కూడా లేడా బాబాయ్?" అంది వారిజ గారు.

"ఉన్నాడమ్మా. పైవాళ్ళు వాడుకున్నాక వదుల్తారు."

అడుగున రెండే మిగిలాయి. ఒకటి 'తుప్పు'. రెండోది 'ఇతరములు'.

ఆ పిల్ల ఓపిక చూడండి. 'ఇతరములు' అనే విషయం మీద మూడు వందల పన్నెండు మాటలు రాసింది. నేను చదివించుకుని విన్నాను. ఇతరములు ఎంత ముఖ్యమో నాకు అప్పటిదాకా తెలియదు.

ఇక 'తుప్పు'. ఇక్కడే అసలు కథ.

దాళ్వాకి, అంటే రెండో పంటకి, నారుమళ్ళు పోసే రోజులు. పళ్ళాలమ్మ వదిన శివారుకే శివారున ఎకరం కౌలుకి చేస్తుంది. మనిషి ఎండుచేపలా ఉంటుంది కానీ నోరు తెరిస్తే అవతలి గట్టుకి వినబడుతుంది. పేరుకి తూము ఆమె పేరే గానీ ఆ నీళ్ళ మీద పదమూడు మంది రైతుల మళ్ళున్నాయి. మధ్యలో నీళ్ళు ఆపినప్పుడు దించిన తలుపు, మళ్ళీ ఎత్తుదామంటే లేవలేదు. తలుపుని పైకి లాగే మరచువ్వ తుప్పు పట్టింది, దానిమీద తిరగాల్సిన ఇత్తడి నట్టు మరలు అరిగిపోయి ఊరికే గిర్రున తిరుగుతోంది. పని చిన్నదే. కొబ్బరికాయంత కొత్త నట్టు డివిజను స్టోరులో ఉంది. దాని మీద ఈఈ గారి సంతకం పడాలి.

"ఏవయ్యా మరిదీ, తలుపెప్పుడు లేపుతావ్? నారుకి వారం రోజులై తడి లేదు. బిందెల్తో మోత్తన్నాను. మోసి మోసి నడుం ఇరిగిపోతంది."

"నట్టు రావాలొదినా."

"నట్టు రాపోతే నీ తలకాయెట్టి తిప్పు. అదీ ఖాళీగానే ఉందిగా."

వారిజ గారు ఆమె బిందె మోయడం చూసింది. చూసి, మంచి బుద్ధితోనే ఒక ఆలోచన చేసింది. "బాబాయ్, నట్టుకి ఉత్తరం రాస్తే నెల పడుతుంది. అదే తుప్పు విషయం కింద ఈ తూము గురించి బ్లాగు రాస్తే లోకమంతా చూస్తుంది, సార్ కూడా చూస్తారు. రెండు పనులూ అయిపోతాయి."

తూము ఫోటో తీసింది, పక్కన బిందెతో పళ్ళాలమ్మని నిలబెట్టింది. చక్కగా రాసింది. నిజాలే రాసింది. పంపింది.

మూడోరోజు ఈఈ గారి తాఖీదు వచ్చింది. 'తుప్పు విషయము మూడు భాగముల ధారావాహికకు అర్హమైనదని విషయ ఆమోద కమిటీ భావించినది. మూడవ భాగము ఆమోదము పొందునంత వరకు విషయస్థలమునందు ఎట్టి మార్పూ చేయరాదు. తుప్పు తొలగించినచో విషయము నశించును గనుక, నట్టు మంజూరు నిలిపివేయడమైనది.'

వారిజ గారు ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదివింది. ఫోన్ తీసి ఈఈ గారికి చేసింది. నాకు వినబడాలని స్పీకరు పెట్టింది.

"సార్, నారుమళ్ళు ఎండిపోతున్నాయి సార్. తూము తెరవాల."

"అమ్మాయీ, తూము ఎప్పుడైనా తెరవవచ్చు. విషయం ఒకసారి చెడితే మళ్ళీ దొరుకుతుందా? నువ్వే ఆలోచించు."

"రెండో భాగం ఈరోజే పంపుతా సార్. మూడోది రేపు."

"తొందరపడకు. మొదటి భాగంపైనే కమిటీకి ఆక్షేపణలున్నాయి."

ఆక్షేపణలు వచ్చాయి. మొదటిది, తుప్పు అనే మాట నిరుత్సాహం కలిగిస్తోంది, శీర్షిక మార్చాలి. వారిజ గారు 'ఇనుము గడించిన అనుభవం' అని మార్చింది. అది బాగుందన్నారు. రెండో ఆక్షేపణ, ఫోటోలో పిల్లకాలవ ఎండిపోయి కనబడుతోంది, శాఖకి అప్రతిష్ఠ. 'కావున తూము తెరవకుండా, నీళ్ళు పారుచున్న ఫోటో తీసి పంపవలెను.'

ఇంజనీరింగులో అలాంటి ఫోటో తీసే పద్ధతి చెప్పలేదంది వారిజ గారు. మా ఎనిమిదో తరగతిలోనూ చెప్పలేదు.

అలా పది రోజులు గడిచాయి. పదకొండో రోజు పొద్దున్నే పళ్ళాలమ్మ వదిన ఆఫీసుకి వచ్చింది. ఎప్పటిలా గట్టు మీంచే కేకేయలేదు. మెట్లెక్కి, కొంగులోంచి పిడికెడు నారు తీసి వారిజ గారి బల్ల మీద పెట్టింది. చివళ్ళు పసుపు పచ్చగా మారి, కొసలు తిరిగిపోయి ఉన్నాయి.

"అమ్మాయిగారూ, మీరేదో రాత్తన్నారంట కదా. దీని గురించి కూడా రాసుకోండి. ఇంకో ఆరు రోజులే. ఆ తరవాత ఇది గడ్డి. మళ్ళీ పోద్దారన్నా ఇత్తనాల్లేవు, అదునూ లేదు."

"ఆయ్, అది కాదొదినా..." అన్నాను.

"నువ్వు మాట్లాడకు మరిదీ. నీ మాట వింటే నవ్వొత్తది. నాకియాళ నవ్వాలని లేదు."

నలభై ఏళ్ళుగా నన్ను తిట్టిపోస్తున్న మనిషి. ఆ రోజు తిట్టకుండా వెళ్ళిపోయింది. నాకు అదే బాధనిపించింది.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే తపాలాలో ఇంకో కాగితం. రాజధాని నుంచి మా శాఖ పెద్ద ఇంజనీరు గారు, గేజి చూసే తాబేళ్ళ వ్యాసం చదివి ముగ్ధులై, స్వయంగా చూడటానికి సోమవారం దయచేస్తున్నారు. ఆ రోజు గురువారం.

నేను నవ్వులాటకన్న మాట. కాగితం మీద సంతకం మాత్రం ఆ పిల్లది.

"అమ్మా," అన్నాను, "మరి ఆ తాబేళ్ళు..."

"ఊఁ?"

"తాబేళ్ళు ఉన్నాయమ్మా. లోకంలో. ఆ రాయి మీద లేవు."

ఆవిడ నా కేసి చూసింది. బల్ల మీదున్న నారు కేసి చూసింది. తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందేమో అని కూడా అనుకున్నాను. తరవాత సొరుగు లాగి నెలవారీ నివేదిక తీసింది.

"బాబాయ్, ఈ నెల తాబేళ్ళ గడి నింపినావా?"

"ఇంకా లేదు."

"కలం ఇట్లా ఇయ్యి."

తన చేత్తో తనే రాసింది. గుండ్రటి అక్షరాలు, చుక్క తప్పులేదు. 'తాబేళ్ళు: సున్న. కారణం: పళ్ళాలమ్మ తూము మూసి ఉండుట వలన గేజి రాయి వద్ద నీరు లేక, సదరు తాబేళ్ళు ఎగువకు, శ్రీ ధనకోటి గారి సెక్షనులోనికి వలస పోయినవి.' సంతకం పెట్టి, ఫోటో తీసి, ఈఈ గారికి పంపింది.

"అమ్మా, ఇది అబద్ధం కదా?"

"తాబేళ్ళు లేవు, నిజం. నీళ్ళు లేవు, నిజం. మధ్యలో ఒక్కటి మాత్రం నీది," అంది.

ఏడు నిమిషాల్లో ఫోన్ మోగింది.

"అమ్మాయీ! ఏమిటీ వలస? పెద్దాయన సోమవారం వస్తున్నారు! వాటిని వెనక్కి పిలిపించు!"

"నీళ్ళుంటే వస్తాయి సార్. రెండడుగులుంటే రెండు."

"అయితే తెరవండి!"

"తుప్పు విషయం నడుస్తా ఉంది కదా సార్. మార్పు చేయరాదని కమిటీ..."

అవతల ఈఈ గారు ఊపిరి తీసుకోవడం నాకు వినబడింది. గొప్పవాళ్ళు గొప్పవాళ్ళే. అర నిమిషంలో తేల్చేశారు. "ప్రాణమున్న విషయమునకు ప్రాణము లేని విషయముపై ప్రాధాన్యత కలదు. తుప్పు విషయమును తాత్కాలికముగా ఇంకబెట్టడమైనది. రాసుకో."

చీకటి పడకుండానే డివిజను జీపు వచ్చింది. దానిలో నట్టు, నట్టుతో పాటు డబ్బాడు గ్రీజు, అవి దించడానికి ముగ్గురు మనుషులు. స్టోరులో నెలల తరబడి కదలని వస్తువు జీపులో ముందు సీట్లో కూర్చుని వచ్చింది.

నట్టు బిగించి, మరచువ్వకి గ్రీజు పూసి, పిడి పట్టి తిప్పాను. తలుపు మూలిగింది. ఇంకో తిప్పు. తలుపు కింద నీరు బుస్సుమంది. పిల్లకాలవలో ఎండిన బురద పెళ్ళలు తడిసి నల్లబడి, నీళ్ళు చెత్తని ముందుకి తోసుకుంటూ పారాయి. పళ్ళాలమ్మ వదిన చీర ఎగ్గట్టి పిల్లకాలవలో నిలబడి ఉంది. నీళ్ళు వచ్చి ఆమె పాదాల్ని ముంచాయి. ఆమె పక్కకి జరగలేదు.

"ఏరా మరిదీ," అని కేకేసింది అక్కడినుంచే, "ఇంత చిన్న పనికి ఇన్నాళ్ళా? నీకు జీతమిచ్చే పెబుత్వానికి బుద్ధి లేదు!"

హమ్మయ్య అనుకున్నాను. తిట్టింది.

నీళ్ళొచ్చాయి గానీ తాబేళ్ళు రావాలి కదా. రెండు రోజులు వెతికాను. మా వైపు తాబేళ్ళకి బ్లాగు సంగతి తెలుసేమో, ఒక్కటీ కనబడలేదు. ఆదివారం సాయంత్రం పళ్ళాలమ్మ వదిన గుమ్మంలో కూలబడితే, ఆమె పొయ్యి మీంచి దాక దించుతోంది. చేపల పులుసు వండి వండి నల్లబడ్డ మట్టి దాక. నేను దాని అడుగు కేసి చూశాను.

"ఒదినా, ఇలాంటిది ఇంకోటుందా?"

"ఉంది. దేనికి?"

"రేపొక పూటకి పెద్ద ఇంజనీరు గారికి చూపించాలి."

"పెద్ద ఇంజినీరుకి నా పులుసు దాకెందుకురా?" అంది. చెప్పాను. నవ్వి నవ్వి దగ్గొచ్చి, తనే రెండు దాకలూ తోమకుండా తెచ్చిచ్చింది.

సోమవారం పది గంటలకి నాలుగు జీపులు వచ్చాయి. తాబేళ్ళు బెదురుతాయని చెప్పి అందర్నీ అవతలి గట్టు మీద, నలభై గజాల దూరంలో నిలబెట్టాను. గేజి రాయికి ఆనుకుని, నీటికి కాస్త పైన, రాతి చప్టా ఒకటి ఉంది. దాని మీద రెండు దాకలు బోర్లించి, పాచి రాసి, బురద పూసి ఉంచాను. నీటిమట్టం రెండడుగుల రెండంగుళాలు.

పెద్ద ఇంజనీరు గారు చేతులు కట్టుకుని చూశారు. పెద్ద వయసు, మెత్తటి మనిషి. "అద్భుతం," అన్నారు మెల్లగా. "రెండడుగులు, రెండు తాబేళ్ళు. కానీ కదలడం లేదేం?"

ఈఈ గారు నా కేసి చూశారు.

"చదువుతున్నాయండి ఆయ్," అన్నాను. "అడుగులైతే చప్పున చదివేస్తాయి. అంగుళాల దగ్గర కాస్త టైము పడుతుంది."

వారిజ గారు దగ్గు వచ్చినట్టు అటు తిరిగింది.

అప్పుడే ఎక్కడినుంచో ఒక లకుముకిపిట్ట వచ్చి సరిగ్గా చిన్న దాక మీద వాలింది. దాక కొంచెం ఒరిగింది. పిట్ట ఎగిరిపోయింది. దాక మెల్లగా జారి, బుడుంగున నీళ్ళలో మునిగిపోయింది. నా గుండె కూడా దాంతోనే వెళ్ళింది.

"దిగింది!" అని పెద్దాయన చప్పట్లు కొట్టారు. జీపులన్నీ చప్పట్లు కొట్టాయి. టకటకా ఫోటోలు.

ఈఈ గారు మాత్రం మొహం మాడ్చారు. "ఒకటే మిగిలిందంటే నీరు అడుగుకి పడిపోయినట్టే కదా? సార్ ముందర నీరు తగ్గుతుందా! ఏయ్ లస్కర్, ఏం చూస్తున్నావ్? తలుపు ఇంకో నాలుగు తిప్పులు ఎత్తు!"

రాయి మీద రెండడుగుల రెండంగుళాల గీత అందరికీ కనబడుతూనే ఉంది. దాన్ని ఎవరూ చూడలేదు. నేను ఆజ్ఞ ప్రకారం పరుగెత్తి నాలుగు తిప్పులు ఎత్తాను. పదమూడు మంది నారుమళ్ళకి అడిగినదానికన్నా ఎక్కువ నీళ్ళు వెళ్ళాయి.

పెద్దాయన గట్టు మీదే ఉపన్యాసం ఇచ్చారు. పరికరాలు లేని కాలంలో ప్రకృతే పరికరమని, ప్రతి సెక్షనూ శివారు సెక్షనుని చూసి నేర్చుకోవాలని. ధనకోటి గారు పుస్తకంలో గబగబా రాసుకున్నాడు. ఆ వారంలోనే ఆయన లస్కరు తాబేళ్ళ కోసం చెరువులన్నీ గాలించాడని విన్నాను. నేను వాడిని పక్కకి పిలిచి, దాకలు అమ్మే కుమ్మరి వీధి చూపించాను. తోటి ఉద్యోగి కదా.

నాలుగో రోజున ఉత్తర్వు వచ్చింది. వారిజ గారు పైకి చదివింది. పళ్ళాలమ్మ వదిన కూడా అప్పుడే వచ్చి గుమ్మంలో నిలబడింది.

'గేజి తాబేళ్ళ విషయము పన్నెండు భాగముల ధారావాహికగా వెలువడవలెను. ధారావాహిక పూర్తియగు వరకు సదరు సెక్షనునకు రోజువారీ రచన నుండి మినహాయింపు ఇవ్వడమైనది. పన్నెండవ భాగము ఆమోదము పొందునంత వరకు విషయస్థలమునందు ఎట్టి మార్పూ చేయరాదు. అనగా తూము తలుపు దించరాదు, నీరు తగ్గించరాదు, రాతిపై నున్న తాబేలును ఎవ్వరునూ తాకరాదు.'

నేను ఇంకోసారి చదవమన్నాను. మొన్న తూముని మూసి ఉంచిన మాటలే ఇవి, మూడు పన్నెండు అవడం తప్ప అక్షరం తేడా లేదు.

"ఏంటంట?" అంది పళ్ళాలమ్మ వదిన.

"తలుపు దించకూడదంట ఒదినా. ప్రభుత్వ ఉత్తర్వు."

"సరే గానీ, ఆ రాయి మీదున్న నా దాక ఇచ్చెయ్యి. కొరమేను తెచ్చుకున్నాను."

"అది దాక కాదొదినా. తాకితే నేరం."

"ఓరి మీ బ్లాగు తగలెయ్య! మునిగిపోయిందేమో దొరకదు, తేలిందేమో ఇవ్వరు. మరి నేను పులుసు దేంట్లో కాసుకోను?" అని, అప్పటికే వారిజ గారు బల్ల కింద నుంచి తీసి ఇచ్చిన కొత్త దాక చూసి ఆగిపోయింది. వేలి కణుపుతో కొట్టి చూసింది. "బానే మోగుతంది," అంది.

వారిజ గారు కొత్త కాగితం తీసింది. "పెద్దమ్మా, నీళ్ళు ఎప్పటిదాకా కావాల నీకు?"

"ఉగాది ఎల్లినాక పది రోజులకి కోత. కోతకి పది రోజుల ముందు మడి ఆరాల."

ఆ పిల్ల వేళ్ళ మీద లెక్క వేసుకుని, క్యాలెండర్లో ఉగాది గడిలో పెన్సిలుతో గుండ్రంగా గీసింది. దాని పక్కన రాసింది: 'పన్నెండో భాగం, పళ్ళాలమ్మ గారు చెప్పినాక.' తరవాత మొదటి భాగం మొదలుపెట్టింది. ఇంతకుముందు మూడింటికి కూర్చుంటే ఐదింటికి పరుగెత్తేది. ఇప్పుడు ఒక వాక్యం రాసి, బయటికి వెళ్ళి బొప్పాయిచెట్టుకి నీళ్ళు పోసి వచ్చి, రెండో వాక్యం గురించి ఆలోచిస్తోంది.

విషయ గస్తీ రద్దు చేస్తూ ఉత్తర్వు ఏదీ రాలేదు కాబట్టి నేను మర్నాడు పొద్దున్నే పుస్తకం పట్టుకుని గట్టు మీదికి వెళ్ళాను. పదమూడు మళ్ళూ చూసి, గట్టు మీద కూర్చుని రాశాను:

'ఉదయం ఆరు. నారుమళ్ళన్నీ పచ్చబడ్డాయి. విషయం ఏమీ లేదు.'